బొమ్మ వెనకవైపు

వృత్తిరీత్యా నేను చేసేది సాఫ్ట్‌వేరు కన్సల్టింగు. కానీ ఆక్లండులో మనవాళ్ళ మధ్య నాకున్న పేరు వేరు: "బొమ్మలు ప్రెస్సుకి సరిచేసి పెట్టే ఆయన". ఉగాది సంచిక కానివ్వండి, శుభలేఖ కానివ్వండి, ఎవరో రాసుకున్న కవితల పుస్తకం కానివ్వండి, అచ్చు మాట వచ్చేసరికి బొమ్మలన్నీ నా మెయిలుకి వచ్చి పడతాయి. తెర మీద ధగధగలాడే బొమ్మ కాగితం మీద ఎందుకు వెలవెలబోతుందో, ముఖం ఎందుకు గళ్ళుగళ్ళుగా వస్తుందో, వత్తులు అక్షరం కింద ఉండకుండా పక్కకెందుకు పారిపోతాయో చెప్పమని అడుగుతారు. అన్నిటికీ జవాబులున్నాయి, ఈ టపా చివర్లో చెబుతాను. కాకపోతే అసలు కథ కంప్యూటర్లు రాకముందే, రెండువందల యాభై ఏళ్ళ కిందట మొదలైంది. దాని ఒక కొస ఈ దేశపు తీరంలో ఉంది, రెండో కొస మన సామర్లకోటలో ఉంది. అందుకని కాస్త ఓపిక పట్టండి.

1769 అక్టోబరులో కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ న్యూజీలండు తూర్పు తీరానికి, ఇప్పటి గిస్‌బర్న్ ఊరున్న చోటికి వచ్చింది. ఓడలో జోసెఫ్ బ్యాంక్స్ అనే ధనవంతుడైన కుర్రాడున్నాడు. మొక్కల పిచ్చి. సొంత ఖర్చుతో సోలాండర్ అనే స్వీడన్ శాస్త్రవేత్తనీ, ఇద్దరు చిత్రకారుల్నీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆ ఇద్దరిలో ఒకాయన, అలెగ్జాండర్ బుకన్, టహీటీలోనే చనిపోయాడు. ఇక చాలావరకు మిగిలిన భారం ఎడింబరోకి చెందిన సిడ్నీ పార్కిన్‌సన్ మీద పడింది. వయసు పాతిక లోపు. టహీటీలో ఈగలు కాగితం మీద వేసిన రంగుని వేసినట్టే తినేసేవని బ్యాంక్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. మనం ఇప్పుడు ఫైలు తెరుచుకోవడం లేదని విసుక్కుంటాం!

బ్యాంక్స్, సోలాండర్ రోజూ ఒడ్డుకి వెళ్ళి మోపులకొద్దీ మొక్కలు పట్టుకొచ్చేవారు. కోసిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, రంగు మారిపోతుంది. ఒక్కొక్క బొమ్మా పూర్తిగా వేస్తూ కూర్చుంటే మిగతావన్నీ కుళ్ళిపోతాయి. ఆస్ట్రేలియా తీరంలో ఒకసారి పద్నాలుగు రోజుల్లో 94 బొమ్మలకి రేఖలు గీయవలసి వచ్చింది. దాంతో పార్కిన్‌సన్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొక్క ఆకారమంతా పెన్సిలుతో గీస్తాడు. ఒక ఆకుకో, ఒక రేకుకో, ఒక మొగ్గకో మాత్రం అసలు రంగు వేస్తాడు. తరవాత కాగితం తిప్పి, కాడ ఏ రంగు, ఆకు అడుగు ఏ ఛాయ, పువ్వు లోపల ఎలా ఉంది అన్నది వెనకవైపు రాసిపెడతాడు. ఇంటికెళ్ళాక తీరిగ్గా పూర్తి చేసుకోవచ్చని.

ఆ తీరిక ఆయనకి దొరకలేదు. తిరుగు ప్రయాణంలో బటావియా (ఇప్పటి జకార్తా)లో ఓడంతా జబ్బు పడింది. 1771 జనవరి 26న పార్కిన్‌సన్ విరేచనాలతో సముద్రం మీదే చనిపోయాడు. దాదాపు 940 మొక్కల బొమ్మలు మిగిల్చి పోయాడు. అందులో మూడో వంతు కూడా పూర్తయినవి కావు. మిగతావన్నీ ఒక ఆకు పచ్చగా, మిగతా కొమ్మంతా తెల్లగా ఉన్నవే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. చచ్చిపోయిన మనిషి సగంలో ఆపిన ఆరువందల పైచిలుకు బొమ్మలు అచ్చుకి ఎలా తయారయ్యాయి? లండనులో బ్యాంక్స్ అయిదుగురు చిత్రకారుల్ని పెట్టాడు. వాళ్ళలో ఎవరూ న్యూజీలండు చూడలేదు. కోవై చెట్టు ఎలా ఉంటుందో, కాకా బీక్ అనే ఎర్రపువ్వు చిలక ముక్కులా ఎలా వంగి ఉంటుందో తెలీదు. వాళ్ళ దగ్గర ఉన్నవి ఎండబెట్టిన కొమ్మ, పార్కిన్‌సన్ పెన్సిలు గీత, రంగు వేసిన ఆ ఒక్క ఆకు, కాగితం వెనక ఉన్న రాత. వాటిని పట్టుకుని రంగుల బొమ్మలు పూర్తి చేశారు. ఆ బొమ్మల్ని చూసి పద్ధెనిమిది మంది చెక్కుడు పనివాళ్ళు రాగి పలకల మీద చెక్కారు. రాగి పలక మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి, లేకపోతే కాగితం మీద కుడి ఎడమవుతుంది. అలా పన్నెండు పదమూడేళ్ళలో 743 పలకలు తయారయ్యాయి.

తయారయ్యాయి గానీ, అచ్చవలేదు. 1782లో సోలాండర్ పోయాడు. బ్యాంక్స్ అప్పటికే రాయల్ సొసైటీ అధ్యక్షుడు, వంద పనులు. ఇవాళ, రేపు అనుకుంటూ ఆయన 1820లో కన్నుమూశాడు. పలకలు బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చాయి. (మన ప్రాజెక్టుల్లోనూ తొంభై శాతం పూర్తయి ఆగిపోయినవి ఎన్ని లేవు చెప్పండి!)

ఇదే బ్యాంక్స్ తన మొక్కల పుస్తకాన్ని అటకెక్కించి, మన మొక్కల పుస్తకాన్ని మాత్రం దగ్గరుండి అచ్చు వేయించాడు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ వచ్చింది. మాది పిఠాపురం దగ్గర ఊరు. సామర్లకోట అంటే మాకు రైలు మారే జంక్షను, భీమేశ్వరస్వామి గుడి, పంచదార ఫ్యాక్టరీ. అంతకుమించి ఆలోచించింది లేదు. విలియం రాక్స్‌బరో అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1781 నుంచి 1793 దాకా అక్కడే ఉండి, మిరియాలూ నీలిమందూ పండించే ప్రయోగాలు చేస్తూ, చుట్టుపక్కల కొండల్లో, గోదావరి లంకల్లో కనబడ్డ ప్రతి మొక్కకీ వర్ణన రాశాడు. పక్కన భారతీయ చిత్రకారుల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు వందల లెక్కన ఓడలెక్కి లండను చేరాయి. వాటిలోంచి 300 బొమ్మల్ని బ్యాంక్స్ ఎంపిక చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో 1795లో మొదలుపెట్టి 1820 నాటికి మూడు పెద్ద సంపుటాలుగా పూర్తి చేశారు. చేత్తో రంగులు దిద్దిన రాగిపలక ముద్రలు. ఇంకో విచిత్రం: న్యూజీలండు మొక్కల పలకలు చెక్కిన వాళ్ళలో మెకెంజీ అనే ఆయన మన మొక్కల పలకలు కూడా చెక్కాడు. తాళ్ళరేవు ఎక్కడో తొలగా బే ఎక్కడో ఆయనకి తెలిసుండదు. రెండు చోట్ల ఆకులూ ఆయన ఉలి కిందే సాగాయి.

రాక్స్‌బరోలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మొక్కకి లాటిను పేరు పెట్టి ఊరుకోలేదు. ఊళ్ళో జనం ఏమంటారో అడిగి, "తెలింగ" పేరు అని చెప్పి ఇంగ్లీషు లిపిలో రాశాడు. మోదుగ, తునికి, బిల్లు, చిరివేరు వంటి మొక్కలన్నీ ఆ సంపుటాల్లో ఉన్నాయి. సోమిద చెట్టునే చూడండి. ఆయన రాసిపెట్టిన మన పేరునే 1830లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ ప్రజాతికి శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. ఇవాళ ప్రపంచంలో ఏ హెర్బేరియంలో చూసినా ఆ చెట్టు సోయ్‌మిడా. వైజాగులో పనిచేసిన పాట్రిక్ రసెల్ కూడా అంతే. 1803లో అచ్చయిన ఆయన విశాఖపట్నం చేపల పుస్తకంలో బెస్తవాళ్ళు పిలిచే పేర్లతోనే చేపల్ని పరిచయం చేశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది, చాలామందికి తెలిసిందే.

మరి ఆ మొక్కల బొమ్మలు వేసిన వాళ్ళ పేర్లు? 300 పలకల్లో ఒక్కదాని కిందా లేవు. చెక్కినవాడి పేరు ఉంటుంది. వర్ణన రాసినవాడి పేరు, ఎంపిక చేసినవాడి పేరు, అచ్చువేసినవాడి పేరు అట్ట లోపల ఉంటాయి. సామర్లకోట ఎండలో ఆకు వాడిపోకముందే దాని ఈనెలన్నీ లెక్కపెట్టి గీసినవాడు "స్థానిక చిత్రకారుడు". పార్కిన్‌సన్‌కి కనీసం ఒక అన్నయ్య ఉన్నాడు. బ్యాంక్స్‌తో తగాదా పడి 1773లో తమ్ముడి ప్రయాణపు దినచర్యని సొంతంగా అచ్చువేయించాడు. మనవాడి తరఫున అలా తగాదా పడినవాళ్ళు లేరు. ఎవరో ఒకరు కాగితం వెనక పేరు రాసి ఉంటే సరిపోయేది. సోమిద అన్న మూడక్షరాల పేరు రాసి ఉండబట్టే కదా అది బతికింది.

రాగి పలక తరవాత రాతి అచ్చు వచ్చింది. న్యూజీలండు పక్షుల మీద వాల్టర్ బుల్లర్ రాసిన పుస్తకం ఇక్కడ చాలా ఇళ్ళలో గోడలకి పటాలై వేలాడుతూంటుంది. లండనులో ఉండే డచ్చి చిత్రకారుడు కాయ్‌లమన్స్ దానికి బొమ్మలు వేశాడు. 1872-73లో వచ్చిన మొదటి కూర్పులో ప్రతి ప్రతికీ చేత్తో రంగులు దిద్దారు. 1887-88లో వచ్చిన రెండో కూర్పులో ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క రాయి చొప్పున తయారుచేసి, ఒకదాని మీద ఒకటి అచ్చొత్తారు. బొమ్మని రంగులుగా విడదీసి మళ్ళీ కాగితం మీద కలపడమన్న మాట. మన ప్రింటరు ఇప్పుడు చేసేదీ అదే. ఆ పుస్తకంలో ఉన్న హుయా పక్షి జంటని చివరిసారిగా నమ్మకంగా చూసింది 1907లో. ఇక రాదు. ఆ నల్లటి ఈకల మీద ఆకుపచ్చ మెరుపు ఎలా ఉండేదని పిల్లలడిగితే, చూపించడానికి మ్యూజియంలో ఎండిన పక్షులూ, ఈ బొమ్మలూ తప్ప ఏమున్నాయి?

ఆ తరవాత కెమెరా. 1840లో మావోరీ పెద్దలు అయిదువందల మందికి పైగా సంతకాలు చేసిన వైతంగి ఒప్పందం పత్రాల్ని 1877లో ఫోటో తీసి, రాతి మీదకెక్కించి, అచ్చు వేశారు. అసలు పత్రాల్ని వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ భవనం కింద పెట్టి మర్చిపోయారు. 1908లో హాకెన్ అనే డాక్టరు వెతికి బయటికి తీసేసరికి చెమ్మ పట్టి, ఎలకలు కొరికి, అంచులు ఊడిపోయి ఉన్నాయి. ఇప్పుడు అవి వెల్లింగ్టన్ నేషనల్ లైబ్రరీలో చీకటి గదిలో అద్దాల వెనక ఉన్నాయి, చూసొచ్చాను. పెద్ద పత్రంలో పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. ఎలకలు పడకముందు అది ఎలా ఉండేదో చూడాలంటే 1877 నాటి అచ్చుప్రతి తిరగేయాలి. ఏ గుమాస్తా పర్యవేక్షించాడో గానీ, అచ్చుకోసం చేసిన పని అసలుకే కాపలా కాసింది.

రెండేళ్ళ కిందట ఒక చిన్న పుస్తకం పని నా దగ్గరకొచ్చింది. ఫిజీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పాత ఫోటోల సంకలనం. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు మీదుగా మనవాళ్ళు వేలమంది కూలి ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకి వెళ్ళారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ, ముఖ్యంగా 1987లో అక్కడ సైనిక కుట్రలు జరిగాక, ఇక్కడికి వలస వచ్చారు. ఇళ్ళలో చాలావరకు ఫిజీ హిందీయే. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ మనవడు స్కాన్ చేసిన ఫైళ్ళు నాకు పంపాడు. శుభ్రంగా ఉన్నాయి, 600 డీపీఐ, వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఒక ఫోటోలో నలుగురి కింద ఏం రాయాలో అతనికి తెలీదు. అసలు ఫోటో చూస్తానని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చింది. తిప్పి చూస్తే వెనక పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాలు.

"అది మా నాన్న రాత. మాకు చదవడం రాదు బాబూ. ఏముందో నువ్వు చెప్పు," అంది.

నాలుగు పేర్లు, ఇంటిపేర్లతో సహా. కింద గోదావరి జిల్లాలో ఒక పల్లె పేరు. నేను పైకి చదువుతూంటే ఆవిడ రెండో పేరు దగ్గర నన్ను ఆపి, మళ్ళీ చదవమంది. అది వాళ్ళ నాయనమ్మ పేరట. ఆవిడకి ఆ పేరు అప్పటిదాకా తెలీదు. ఇంట్లో అందరూ "ఆజీ" అనే పిలిచేవారు.

స్కానరు గాజు మీద ఫోటో బోర్లా పెడతాం కదా. ఆ పిల్లాడి తప్పేం లేదు. ఏ సూచనల కాగితంలోనూ వెనకవైపు కూడా స్కాన్ చేయమని ఉండదు. ఎన్ని చుక్కలుండాలి, ఏ ఫార్మాటులో ఉండాలి అన్నదే ఉంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మని అచ్చుకి తయారుచేయడమంటే చుక్కల లెక్క ఒక్కటే కాదని. మొదట చూసినవాడికి తెలిసిన సంగతి చివర చూసేవాడిదాకా దారిలో ఒలికిపోకుండా చేర్చడం. రంగు, కొలత, పేరు. ఈ మూడూ బొమ్మతోబాటు నడవాలి.

ఇక మొదట్లో మాటిచ్చిన జవాబులు. ముందు రంగు. తెర వెలుగుతో బొమ్మ చూపిస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. కాగితం సిరాతో చూపిస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. వెలుగు చేయగలిగినవన్నీ సిరా చేయలేదు. కోవై పువ్వు పసుపు బాగానే వస్తుంది, ఆ సిరా ఉంది కాబట్టి. లేత వరిచేను పచ్చదనం మాత్రం కాగితం మీద చల్లారిపోతుంది. అందుకని ప్రెస్సు వాడే సిరాల ప్రొఫైలు అడిగి తీసుకుని, ముందే మార్చి చూసుకోండి, కాగితం మీద ప్రూఫు తీయించండి. స్కాన్ చేసేటప్పుడు పక్కన రంగుల పట్టీ ఒకటి పెట్టండి. పార్కిన్‌సన్ రంగు వేసిన ఆ ఒక్క ఆకు లాంటిదే ఇదీ.

రెండోది కొలత. ఫోటోకి అచ్చులో వచ్చే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి. ఆరంగుళాల వెడల్పు బొమ్మకి 1800. వెబ్ నుంచి దింపిన 600 పిక్సెళ్ళ బొమ్మ రెండంగుళాలకే సరిపోతుంది. దాన్ని సాగదీస్తే కొత్త వివరం పుట్టదు. ఉత్త గీతల బొమ్మలకైతే 1200 దాకా కావాలి, లేదా గీతల్ని గీతలుగానే దాచుకునే వెక్టరు ఫైలు ఇవ్వాలి. ఫోనులో వాట్సాపు ద్వారా పంపే ఫోటో మామూలుగా కుంచించుకుపోయి వస్తుంది, అసలు ఫైలు పంపమనండి. బొమ్మ కింద "రెండింతలు పెద్దది" అని రాయకండి, పేజీకి తగ్గించినప్పుడు ఆ మాట అబద్ధమవుతుంది. బొమ్మలోనే సెంటీమీటరు గీత ఒకటి గీస్తే అదీ బొమ్మతోబాటే తగ్గుతుంది, పెరుగుతుంది.

మూడోది పేరు. ఫాంటు పీడీఎఫ్‌లో ఇమిడి ఉండాలి. లేకపోతే ప్రెస్సు కంప్యూటరు తనకి తెలిసిన ఫాంటు వేస్తుంది, మన వత్తులు రోడ్డున పడతాయి. పేజీలు కూర్చే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకి తెలుగు అసలు రాదు. మావోరీ వాళ్ళదీ ఇదే బాధ. అచ్చు మీద గీత పోతే దీర్ఘం పోయి, మాటకి అర్థమే మారిపోతుంది. వాళ్ళ భాషలో కెకె అంటే కేకు, కేకే అంటే చంక! పేరులో గుణింతం తప్పితే ఆ మనిషి పేరు తప్పినట్టే. ఇక బొమ్మ వేసినవాళ్ళ పేరూ, బొమ్మలో ఉన్నవాళ్ళ పేర్లూ ఫైలు లోపలి వివరాల్లోనూ రాయండి, బొమ్మ కిందా అచ్చు వేయండి. ఫోటో ముందుకి ఏ నంబరు పెడితే వెనక్కీ అదే నంబరు పెట్టి స్కాన్ చేయండి.

బ్యాంక్స్ పలకల సంగతి సగంలో వదిలేశాను కదూ. 1980లో లండనులో అలెక్టో అనే ముద్రణాలయం, మ్యూజియం కలిసి వాటిని బయటికి తీశాయి. అప్పటికి మిగిలినవి 738. అందులో న్యూజీలండువి 183. పలక మీద గుడ్డని చిన్న బొమ్మలా చుట్టి, దానితో ఒక్కొక్క రంగు ఒక్కొక్క చోట అద్ది, అన్ని రంగులూ ఒకేసారి కాగితం మీద దింపారు. వంద సెట్లు వేయడానికి 1990 దాకా పట్టింది. పార్కిన్‌సన్ పోయిన రెండువందల పైచిలుకు ఏళ్ళకి ఆయన బొమ్మలు పూర్తి రంగుల్లో పుస్తకమయ్యాయి. ఆయన పేరు మీదే. ఆ పని చేయగలగడానికి ఉన్న ఆధారాల్లో ఆయన కాగితాల మీద రాసిపెట్టిన రంగుల వివరాలు కూడా ఉన్నాయి.

మీ ఇంట్లో అటక మీద ఒక ఫోటోల పెట్టె ఉండే ఉంటుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు దించండి. అమ్మమ్మనో పెదనాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పండి. ఖాళీగా ఉన్నవాటి వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందువైపుకి అచ్చుపడుతుంది. స్కానింగు ఎప్పుడైనా చేసుకోవచ్చు. పేర్లు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉండరు.